తాతగారి బుల్లెట్‌ను విప్పండి, కోయవద్దు

ప్రశ్న: మాది తిరుపతి. చంద్రగిరి దగ్గర పల్లెలో, తాతయ్య ఇంటి పశువుల కొట్టంలో ఆయన బుల్లెట్ 350 ఉంది. 1974 నాటి బండి. తాతయ్య పశువైద్య శాఖలో పనిచేశారు, ఉద్యోగమంతా ఆ బండి మీదే ఊళ్లు తిరిగారు. ఆయన పోయి పదహారేళ్లయింది. అప్పటి నుంచి దాన్ని ఎవరూ బయటకు తీయలేదు. నాకు ఇరవై ఆరేళ్లు. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నేనే బాగుచేసుకోవాలని ఉంది. ఛాసిస్ వెనక భాగం కోసి, చిన్న సీటు, వెడల్పాటి టైర్లు, పొట్టి సైలెన్సరు వేసి కొత్త రూపం ఇద్దామనుకుంటున్నాను. 60,000 రూపాయలు దాచుకున్నాను. ఒక మెకానిక్ పాత ఇనుముకు అమ్మేయమన్నారు. ఇంకొకరు వింటేజి నంబరు తెచ్చుకోమన్నారు. కిక్కు కొడితే కదలడం లేదు. నాన్న ఏమీ అనడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? బాగయ్యాక మొదటి ప్రయాణం తిరుమల కొండకే అనుకుంటున్నాను.

సమాధానం: ముందుగా ఒక మాట. ఇక కిక్కు కొట్టకండి. మీరు గానీ, సరదాకు వచ్చిన మిత్రులు గానీ మరొక్కసారి కూడా తొక్కవద్దు. అన్నేళ్లు కదలని ఇంజిన్‌లో పిస్టను రింగులు తుప్పుతో బోరు (పిస్టను ఆడే గొట్టం) గోడలకు అతుక్కుపోయి ఉంటాయి. ఒళ్లంతా బరువు చేసి తొక్కితే పిస్టను కదలడానికి ముందే గేరుబాక్సులో కిక్కు పళ్లు అరిగిపోతాయి, లేదా విరుగుతాయి. ఈరోజు బాగున్న భాగాన్ని చేజేతులా పాడుచేసుకున్నట్లవుతుంది.

ఇలా చేయండి. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలోంచి ఇంజిన్ ఆయిలు, డీజిలు సమంగా కలిపి ఒక టీ గ్లాసెడు పోయండి. దుమ్ము పడకుండా రంధ్రంలో గుడ్డ కుక్కి వారం రోజులు వదిలేయండి. మధ్యలో తగ్గినట్లనిపిస్తే ఇంకొంచెం పోయండి. తర్వాత బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి, టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ నెమ్మదిగా ఆడించండి. మొదట ఏమీ కదలదు. కొన్నాళ్లు ఓపిక పడితే ఒకరోజు చక్రం వెంట్రుకవాసి ఎక్కువ తిరుగుతుంది. అక్కడి నుంచి రోజుకింత వదులవుతుంది. అప్పటికీ రాకపోతే ఇంజిన్ పైమూత అయిన హెడ్డు విప్పి చూడాల్సిందే. సుత్తితో మాత్రం కొట్టవద్దు.

పాత ఇనుముకు అమ్మేయమన్న సలహాను పక్కన పెట్టండి. మద్రాసు తిరువొత్తియూరులో తయారైన ఈ 346 సీసీ ఇంజిన్‌ను పెద్ద మార్పులేమీ లేకుండా కొన్ని దశాబ్దాల పాటు అక్కడే చేస్తూ వచ్చారు. అందుకే దీని పిస్టన్లు, వాల్వులు, క్లచ్ ప్లేట్లు, ప్యాకింగులు నేటికీ దొరుకుతాయి. చెన్నై జి.పి. రోడ్డులో ఒక పూట తిరిగితే కావలసిన వాటిలో చాలా వరకు చేతికి వస్తాయి. ఇంజిను వేరు, గేరుబాక్సు వేరు కాబట్టి ఇంట్లో కూర్చుని విప్పి నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన బండి తక్కువ.

ఇంజిన్ మీద స్పానరు పెట్టే ముందు తాతగారి పెట్టె వెతికి ఆర్సీ పుస్తకం తీయండి. ఇది కుర్రాళ్లకు విసుగు పుట్టించే పని అని తెలుసు. కానీ కాగితాలు లేకపోతే మీ శ్రమంతా షెడ్డు దాటి బయటకు రాదు. బండి తాతగారి పేరు మీదే ఉంటుంది. యజమాని చనిపోయినప్పుడు వారసుల పేరు మీదకు మార్చడానికి ఫారం 31 ఉంది. నిజానికి మూడు నెలల్లోపే దరఖాస్తు చేయాలి. ఆలస్యమైంది కాబట్టి అపరాధ రుసుము కట్టాల్సి ఉంటుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం అడుగుతారు. అంటే నాన్నగారే కాదు, చిన్నాన్నలూ మేనత్తలూ ఉంటే వాళ్లూ సంతకం పెట్టాలి. బండి మెరిసిపోయాక వెళ్లి అడగడం కంటే తుప్పుతో ఉన్నప్పుడే అడగడం మర్యాద, సులువు కూడా.

పేరు మారాక ఫారం 25తో రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ. సొంత వాహనాలకు మొదటి గడువు పదిహేనేళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. ఆ దశలో బండిని తనిఖీకి తీసుకువెళ్లాలి, హరిత పన్ను కూడా ఉంటుంది. ఇంకొక చిక్కు. 1974లో తిరుపతి చిత్తూరు జిల్లాలోనిదే. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. కాబట్టి మీ పుస్తకం తాలూకు పాత రికార్డు చిత్తూరు రవాణా కార్యాలయంలో ఉండే అవకాశం ఎక్కువ. మూడు అక్షరాలతో మొదలయ్యే ఆ కాలపు నంబర్లు కొన్ని ఇంకా కంప్యూటరులోకి ఎక్కలేదు. ముందు అక్కడికి వెళ్లి రికార్డు ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే బ్యాక్‌లాగ్ నమోదు, అంటే పాత పుస్తకంలోని వివరాలను కంప్యూటరులోకి ఎక్కించడం, చేయించాలి. ఈ పని తేలేవరకు పెద్ద ఖర్చు పెట్టకండి.

వింటేజి నంబరు సంగతి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన బండికి అది దొరుకుతుంది. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. మీ బండి వయసు సరిపోతుంది. కానీ రెండు షరతులున్నాయి. ఛాసిస్, ఇంజిను పెద్ద మార్పులు లేకుండా మొదటి రూపంలోనే ఉండాలి. రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ప్రదర్శనలకు, వింటేజి ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి. మీరు కోరుకునేది ఈ రెండింటికీ విరుద్ధం. వారానికి నాలుగు రోజులు నడపాలనుకునేవారికి మామూలు రిజిస్ట్రేషనే సరైనది.

ఇక అసలు విషయం, కోయడం. ఈ ఒక్క విషయంలో మిమ్మల్ని గట్టిగా ఆపాలనుకుంటున్నాను. ఆర్సీలోని వివరాలకూ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పొట్టి సైలెన్సరుకు శబ్ద కాలుష్యం కింద వేరే జరిమానా.

చట్టం ఒక ఎత్తు. అసలు ఛాసిస్‌ను ఒకసారి కోశాక దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. వెల్డింగు పెట్టిన చోట గొట్టం బలం మారుతుంది. ఆ అతుకు మీద మీ బరువు, వెనక కూర్చున్న మనిషి బరువు, మన రోడ్ల గుంతలు పడతాయి. వెడల్పాటి టైరు కూడా అంతే. ఈ బండికి ముందూ వెనకా 3.25-19 టైర్లు. అంతకంటే బాగా లావైనది వేస్తే ఒకవైపు చైనుకో, మడ్‌గార్డుకో రాసుకుంటుంది. మలుపుల్లో బండి మొండికేస్తుంది.

మీకు కొత్త రూపం వద్దనడం లేదు. నేను పెట్టే హద్దు ఒక్కటే. మీరు చేసే ప్రతి మార్పూ మీ నాన్నగారు అడిగితే ఒక సాయంత్రంలో విప్పి, పాతది తిరిగి బిగించగలిగేదిగా ఉండాలి. హ్యాండిల్ బారు తక్కువ ఎత్తుది వేసుకోండి. సీటు కింద అసలు పట్టీ ఉంచి, పైన స్పాంజి, రెక్సిన్ మీకు నచ్చిన తీరులో కుట్టించుకోండి. ఇద్దరు కూర్చునే చోటు మాత్రం తగ్గించకండి. టూల్‌బాక్సులు, చైను మీది రేకు, మడ్‌గార్డు కమ్మీలు నల్లరంగులో ఎంత అందంగా ఉంటాయో చేసి చూడండి. ట్యాంకు రంగు మార్చాలనిపిస్తే ఆర్సీలో రంగు మార్పు రాయించుకోండి. ఇన్నాళ్లు మందుల పెట్టె మోసిన వెనక క్యారియరు ఇంకా ఉంటే దాన్ని పారేయవద్దు. తుప్పు తీసి, రంగు వేసి బిగించండి. అంగట్లో కొనే ఏ సామానూ ఈ బండికి దానంత అందం ఇవ్వదు. విప్పిన ప్రతి పాత భాగాన్నీ నూనె రాసి, చీటీ కట్టి, గోనెసంచిలో దాచండి.

ఇక పని. విప్పే ముందు ఫోటోలు తీయండి, విప్పుతూ తీయండి. వైర్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నాయో కాగితం మీద గీసుకోండి. ఆ కాలపు బళ్లలో చాలా బోల్టులు ఇంగ్లండు కొలతలవి, మిల్లీమీటరు స్పానర్లు సరిగ్గా పట్టవు. దాదాపుగా సరిపోయే స్పానరుతో బలవంతం చేస్తే నట్టు మూలలు గుండ్రంగా అరిగి, ఉలితో కొట్టే దుస్థితి వస్తుంది. పాత కొలతల స్పానర్లు ఒక సెట్టు కొనుక్కోండి. దాచుకున్న డబ్బులో మొదటి ఖర్చు అదే కానివ్వండి.

పిస్టను వదులయ్యాక ఇంజిన్ కింది రెండు డ్రెయిన్ బోల్టులూ విప్పండి. బుల్లెట్‌లో ఆయిలు ట్యాంకు ఇంజిన్ గుల్లలోనే వేరే అరగా ఉంటుంది. ఏళ్ల తరబడి నిలబెడితే ఆయిలు పంపు గుండా జారి కిందికి చేరుతుంది. రెండింటినీ ఖాళీ చేసి, వచ్చిన ఆయిలును తెల్లటి పళ్లెంలో పోసి ఎండలో చూడండి. పాలలా తెల్లబారితే నీళ్లు చేరినట్టు. మెరిసే సన్నటి పొడి కనిపిస్తే బేరింగులో, బుష్షులో అరిగినట్టు. అప్పుడు ఇంజిను పూర్తిగా విప్పక తప్పదు. బోరింగు, క్రాంకు పని ఇంట్లో చేసేవి కావు. పాత బుల్లెట్లు చేసిన అనుభవం ఉన్న లేత్ షాపుకు పంపండి, కొలతలు కాగితం మీద రాయించుకోండి. హెడ్డు విప్పితే వాల్వులు సానబట్టించడం మర్చిపోవద్దు.

ట్యాంకు లోపల తుప్పు తీయడానికి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. లీటరు వేడినీటికి 50 గ్రాముల చొప్పున కలిపి నిండా పోసి ఒక రోజు ఉంచండి. మధ్యమధ్య ఊపండి. పారబోశాక వంటసోడా నీళ్లతో, ఆపైన మంచినీళ్లతో కడగండి. వెంటనే ఎండలో ఆరబెట్టి కొంచెం ఆయిలు పోసి నలువైపులా తిప్పండి. ఆలస్యమైతే గంటలోనే మళ్లీ తుప్పు పడుతుంది. ట్యాంకుకు చిల్లుంటే వెల్డింగు చేసేవారికి ఇచ్చే ముందు లోపల పెట్రోలు ఆవిరి ఏమాత్రం మిగలకుండా కడిగించండి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. నిండు ట్యాంకులో ఆవిరికి చోటుండదు, ఖాళీదాంట్లో అంతా ఆవిరే.

మీ తాతగారి కాలంలో లేని చిక్కు ఇప్పుడొకటి ఉంది. ఈనాడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు ట్యాపులోని బెండు దానికి తట్టుకోలేవు. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌కు ఆగేవి వేయించండి. వారాల తరబడి నడపని పరిస్థితి వస్తే ట్యాంకు, కార్బొరేటరు ఖాళీ చేయండి. కార్బొరేటరులో పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రాల ముక్కలను జెట్లు అంటారు, వాటిని పిన్నుతోనో తీగతోనో పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం ఒక్క గీత పెద్దదైనా పెట్రోలు లెక్క తప్పుతుంది. క్లీనరులో నానబెట్టి గాలి ఊదండి.

వైరింగును అతుకులేయకండి. ఎలుకలు కొరికిన తీగలు పూర్తిగా తీసేసి కొత్తది అల్లుకోండి. ఆ కాలపు బళ్లకు 6 వోల్టుల కరెంటు. రాత్రిపూట లైటు సరిపోవాలంటే 12కు మార్చుకోవచ్చు. రెక్టిఫయరు, కాయిలు, బల్బులు, హారను, బాటరీ అన్నీ కలిపి మార్చాలి. ఇది తిరిగి వెనక్కి మార్చుకోగలిగిన మార్పే కాబట్టి చేయమనే అంటాను. పాయింట్లను, అంటే తెరుచుకున్న క్షణంలో ప్లగ్‌కు స్పార్క్ పంపే చిన్న మీటలను, మాత్రం ఉంచండి. వాటి మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. టైమింగు (స్పార్క్ పడే క్షణం) పెట్టేటప్పుడు పాయింట్ల మధ్య పలచటి కాగితం ముక్క ఉంచి, పిస్టను పైకొసకు 0.8 మిల్లీమీటర్ల దిగువన ఉన్నప్పుడు మెల్లగా లాగి చూడండి. ఆ క్షణంలోనే కాగితం వదలాలి. చేతివేళ్లకు ఆ వదలడం తెలిసిన రోజు మీరు సగం మెకానిక్ అయినట్టే. ట్యాపెట్లు, అంటే వాల్వులను తెరిచే కడ్డీల బిగువు, చల్లటి ఇంజిన్ మీదే చూడాలి. కడ్డీని వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఊగకూడదు.

బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి ధూళిని నోటితో గానీ గాలిపంపుతో గానీ ఊదకండి. ఆనాటి బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తులకు హాని. తడి గుడ్డతో తుడిచి, గుడ్డను కవరులో కట్టి పారేయండి. షూలు, కేబుళ్లు, టైర్లు, ట్యూబులు, స్పోకులు చూడడానికి బాగున్నా కొత్తవే వేయండి. మీ 60,000లో రంగుకు వాటా చివరిది. ముందు బ్రేకులు, టైర్లు, ఆపైన ఇంజిను, వైరింగు. డబ్బు అక్కడే అయిపోతే కొన్నాళ్లు తుప్పు రంగులోనే నడపండి. నిగనిగలాడే బండి ఆగకపోతే ఎవరికి మేలు?

రంగు వేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంజిన్ గుల్ల మీద, ఛాసిస్ తల దగ్గర కొట్టిన నంబర్లను సానబెట్టనివ్వకండి, మందపాటి రంగు కింద పూడ్చనివ్వకండి. తనిఖీలో కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ఆ అచ్చు తీసుకుంటారు. అక్షరం చెరిగితే ఆ బండి మీదేనని నిరూపించుకోవడం మీకు పెద్ద తలనొప్పి. చెన్నై పుదుప్పేట పాత సామాన్ల బజారులో చవకగా వస్తోందని వేరే నంబరున్న ఇంజిన్ గుల్ల కొనకండి, అదీ ఇదే కారణం.

మొదటిసారి స్టార్టయ్యాక శబ్దానికి మురిసిపోయి వదిలేయకండి. వెంటనే హెడ్డుకు పోయే సన్నటి ఆయిలు గొట్టం బోల్టును ఒక చుట్టు వదులు చేసి చూడండి. ఆయిలు చెమ్మగా ఊరాలి. ఊరకపోతే ఆ క్షణమే ఇంజిను ఆపేయండి. స్టార్టు చేసే పద్ధతి కూడా నాన్నగారిని అడిగి నేర్చుకోండి. డీకంప్రెసర్ (సిలిండరులోని ఒత్తిడిని వదిలే మీట) నొక్కి, కిక్కును నెమ్మదిగా దించుతూ ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు రాగానే ఆపి, డీకంప్రెసర్ వదిలి, కిక్కును పైకి రానిచ్చి ఒక్క తొక్కు తొక్కడం. ఆ వయసు వాళ్లలో చాలామందికి అది కాలి కండరాలకే గుర్తుంటుంది. నాన్నగారి మౌనాన్ని వ్యతిరేకత అనుకోకండి. తన తండ్రి బండి గురించి మనసులో ఏముందో ఆయన ఇంకా చెప్పలేదంతే. కోత మాట ఎత్తకుండా ఒక ఆదివారం స్పానరు చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇక కొండ ప్రయాణం. ఈ బండికి గేరు కుడికాలు కింద, వెనక బ్రేకు ఎడమకాలు కింద. పైగా మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. ఈ కాలపు బళ్లకు అలవాటుపడ్డ మీరు కంగారులో కుడికాలు గట్టిగా నొక్కితే బ్రేకు పడదు, పై గేరు పడుతుంది, బండి ఆగకుండా సాగిపోతుంది. కాలికి కొత్త అలవాటు పట్టే వరకు ఖాళీ మైదానంలోనే నడపండి. ఆ తర్వాత తెల్లవారుజామున చంద్రగిరి దాకా, కల్యాణి డ్యాం దాకా. ప్రతి ప్రయాణం తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించండి, ప్లగ్ తీసి రంగు చూడండి. గోధుమ రంగైతే సరి. తెల్లబారితే పెట్రోలు తక్కువై ఇంజిను కాగిపోతున్నట్టు.

కనీసం 500 కిలోమీటర్లు ఇలా తిరిగి, ఆయిలు మార్చాకే అలిపిరి వైపు తిప్పండి. ఎక్కే రెండో ఘాట్ రోడ్డు వాడుకలోకి వచ్చింది మీ బండి పుట్టిన 1974లోనే. ఎక్కడంలో ఇంజిను వేడెక్కుతుంది, మధ్యలో ఆపి చల్లారనివ్వడానికి సిగ్గుపడకండి. అసలు పరీక్ష 1944 నాటి మొదటి రోడ్డు మీద దిగేటప్పుడు. డ్రమ్ము బ్రేకులు అదేపనిగా పట్టి ఉంచితే కాగిపోయి పట్టు వదులుతాయి. రెండో గేరులో ఇంజిను పట్టుతోనే దిగుతూ, మలుపుకు ముందు మాత్రం బ్రేకు వేసి వదలండి. ఇంజిను ఆపేసి న్యూట్రల్‌లో ఎన్నడూ దిగవద్దు. రిజిస్ట్రేషన్, బీమా, కాలుష్య ధ్రువపత్రం మూడూ చేతిలో లేకుండా అసలు బయలుదేరవద్దు.

చిత్తూరు కార్యాలయంలో రికార్డు సంగతి తేలాక మళ్లీ రాయండి. ఆ డ్రెయిన్ ఆయిలులో ఏం కనిపించిందో కూడా రాస్తే ఇంజిను పూర్తిగా విప్పాలా, పైపైన చాలా అన్నది చెప్పగలను.